నాలుగు వరసల ఇటుక

ఎండ ఎక్కుతోంది. తడిబట్టలతో కూర్చోబెట్టారు, నెత్తిన పోసిన పసుపునీళ్ళు మెడ మీంచి రవికలోకి దిగి అక్కడే ఆరిపోయాయి కూడాను, చిన్నమామయ్య ఎక్కిన బస్సు మాత్రం ఇంకా రాలేదు. కంప్లి బస్సు ఏనాడు వేళకు వచ్చింది గనక. అది వచ్చేదాకా ఈ నాంచారమ్మ, అంటే నేను, బావి చప్టా మీద, పక్కన ఇత్తడి బిందె పెట్టుకుని, తల వంచుకుని కూర్చోవాలి. తల వంచుకోవడమే ముఖ్యమట. ఇందాక మా అత్తయ్య సుందరమ్మగారు పనిగట్టుకుని వచ్చి చెవిలో చెప్పి వెళ్ళింది, "అందరి మొహాలూ అలా గుడ్లప్పగించి చూడకే, సిగ్గులేనిదానా" అని. చూస్తాను. ఎందుకు చూడకూడదు? అదిగో, వేపచెట్టు కింద ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. ఈ తంతు ముగిస్తే గాని మా వలస క్యాంపులో ఎవరూ ఈ నీళ్ళు నోట పెట్టరు, కాలువ కట్టేసిన వేసవి, బండి కట్టుకుని ఏటికి పోయి తెచ్చుకుంటున్నారు, ఆ నడుంనొప్పులన్నీ ఇప్పుడు నా మొహం మీదే చూపులై వాలుతున్నాయి. అటు పక్క బండి నీడన మగవాళ్ళు బీడీలు కాలుస్తున్నారు. వాళ్ళకు కాస్త ఎడంగా, ఎవరితోనూ కలవకుండా, చేతులు కట్టుకుని మా ఆయన పున్నయ్యగారు. ఎదురుగానే ఉన్నారు, అయినా ఆయన ఏమనుకుంటున్నారో ఆ మొహంలో దొరకదు. ఏడాదిగా దొరకడం లేదు.

తంతు పెద్దదేం కాదు. చిన్నమామయ్య, అంటే మా ఆయనకు బాబాయి, క్యాంపు పెద్ద చెన్నకేశవరావుగారు, వచ్చి కొబ్బరికాయ కొడతారు. నేను లేచి మొదటి చేద తోడి, ఆ నీళ్ళు బయట పారబోసి, చప్టాకు నుదురు ఆనించి, 'తప్పయింది గంగమ్మ తల్లీ, నీ కడుపు మైల చేశాను' అని అందరికీ వినపడేలా అనాలి. తరవాత మగవాళ్ళు మిగిలిన నీళ్ళు తోడిపోసి సున్నం చల్లుతారు. బావిలో దూకి బతికి బయటపడ్డ ఆడది ఇది చెయ్యాలని మా కృష్ణ ఒడ్డు ఊళ్ళలో ఆచారం. పొలాలమ్ముకుని ఈ తుంగభద్ర కాలువ కిందకి వచ్చినప్పుడు రోళ్ళూ తిరగళ్ళతో పాటు దీన్ని కూడా మూట కట్టుకుని తెచ్చారు. అన్నీ తెచ్చారు మహానుభావులు, ఒక్కటి మరిచిపోకుండా. మరి మగవాడు దూకితే ఏం చెయ్యాలని ఎవరినైనా అడిగి చూడండి. వెర్రిమొహాలు వేస్తారు. మగవాడు దూకడు. మగవాడు జారతాడు.

మా ఆయన జారారు, కిందటి వేసవిలో, తెల్లవారుజామున. పొలానికి పోతున్నవాళ్ళు చప్పుడు విని తాళ్ళు వేసి పైకి లాగారు. "చప్టాకు పాచి పట్టింది, కాలు జారింది" అన్నారు చిన్నమామయ్య. నడివేసవిలో పాచి! చప్టా కాలిపోతోంటే పాచి! అందరూ అవునవునన్నారు. అత్తయ్య కొబ్బరికాయ కొట్టి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. అంతే. తప్పయింది తల్లీ అని ఎవరూ అనమనలేదు, నీళ్ళు తోడమనలేదు, ఆ సాయంత్రానికే అవే నీళ్ళతో పప్పు ఉడికించాం. నేను మాత్రం జనం సర్దుకున్నాక చప్టా వెనక్కి వెళ్ళాను. అక్కడ ఆయన చెప్పులు పక్కపక్కన విప్పి ఉన్నాయి. కండువా నాలుగు మడతలు పెట్టి ఉంది. కండువా మీద చేతిగడియారం. కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చి, చెప్పులు గుమ్మంలో పెట్టి, గడియారం గూట్లో పెట్టాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్త కోడల్ని కాను గదా, ఏం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో బాగానే తెలుసు. ఆ వారంలోనే కంప్లి నుంచి మేస్త్రీని పిలిపించి, మోకాలి ఎత్తున్న బావిగోడ మీద ఇంకో నాలుగు వరసల ఇటుక పెట్టించి సిమెంటు పూయించారు, ఇంకెవరూ జారకుండా. మనిషిని పిలిచి 'ఏమైందిరా' అని ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు గాని మేస్త్రీకి చెప్పడానికి మాత్రం వచ్చింది.

ఆ గోడే నా కొంప ముంచింది. నడుం దాకా ఉన్న గోడ మీంచి ఎవరు మాత్రం జారతారు? ఎక్కాలి. ఎక్కానని క్యాంపంతటికీ తెలుసు. అయినా ఆడదాని కాలు జారిందంటే మనవాళ్ళు తీసే అర్థం వేరేలెండి, అంతకన్నా దూకిందనిపించుకోవడమే నయం.

ఎందుకు దూకానో చెప్పమంటే నాకే సరిగ్గా తెలియదు. వీళ్ళకు మాత్రం బాగా తెలుసు. మొగుణ్ణి బెదిరించడానికట. అత్త మీద సాధింపట. నాటకమట. నాటకమైతే మిట్టమధ్యాహ్నం, మనిషి పురుగు లేనివేళ ఆడతానా? ఆ రోజు అత్తయ్యతో అన్నాను, "ఆయన మళ్ళీ తెల్లారుజామున లేచి బావి దగ్గరికి పోయి నిలబడుతున్నారత్తయ్యా, గోడ మీద చేతులు పెట్టి లోపలికి చూస్తున్నారు, నాకు భయంగా ఉంది." అత్తయ్య చేతిలో అట్లకాడ ఉంది, అదలా ఎత్తి పట్టుకుని "నోటికి వాతలు పెడతా, మొగుడి చావు కోరతావా" అంది. అప్పుడే ఆయన లోపలికి వచ్చారు. "విన్నావట్రా నీ పెళ్ళాం కూతలు" అంది ఆయనతో. ఆయన నావంక చూశారు. నాకు తెలుసు, నేను చెప్పింది నిజమని ఆయనకు తెలుసు. "దానికి మతి పోయిందమ్మా" అని వెళ్ళిపోయారు. మతి పోయిందట! ఆ మనిషి కోసం ఏడాది నిద్రలు మానుకుని, ఆయన మంచం కిర్రుమంటే లేచి కూర్చుని, గడప దాటితే వెనకాల నడిచినదాన్ని. లోకమంతా కలిసి ఒక మాట అనుకుని, నన్నొక్కదాన్నే బయట నిలబెట్టినట్టనిపించింది. తరవాత ఏం ఆలోచించానో గుర్తులేదు. చావాలనిపించింది, నిజం, దాచను. నీళ్ళు తగిలిన మరుక్షణం ఎంత బతకాలనిపించిందో అదీ నిజమే. వంటింట్లో పాలు పొయ్యి మీదే వదిలేశానని గుర్తొచ్చింది. పొంగిపోతాయని బెంగపడ్డాను, బావిలో. ఎవరితోనన్నా చెబితే నవ్వుతారు.

హులిగెమ్మ నవ్వలేదు. మా పొలంలో కలుపు తీసే హులిగెమ్మ ఆ వేళకు అటుగా రావడం నా అదృష్టం. చేంతాడు లోపలికి విసిరి, అంతెత్తు గోడ మీద బోర్లా పడుకుని, తిట్ల దండకం అందుకుంది. "పట్టుకోమ్మా, పట్టుకో! తాడు ఇడిస్తివంటే నేనే సంపుతా నిన్ను!" చచ్చిపోతున్నదాన్ని చంపుతానని బెదిరించే మనిషిని అదే చూడడం. నవ్వొచ్చింది, నీళ్ళు మింగాను, తాడు పట్టుకున్నాను. జనం వచ్చేదాకా ఆ తాడు వదల్లేదది, దాని అరచేతులు రెండూ తోలు లేచిపోయాయి. ఆనక గట్టున నన్ను ఒళ్ళో వేసుకుని వీపు రుద్దుతూ, "యాకమ్మా ఇట్లా చేస్తివి, ఏమైండాది నీకు?" అంది. ఏమైంది అని నన్ను అడిగిన ఒకే ఒక మనిషి. చెప్పాను, అన్నీ, చెప్పుల సంగతి, గడియారం సంగతి. "మా ఇంటాయప్ప గూడ అట్లనే పాయె తల్లీ. మొగోళ్ళు చెప్పరు, పోతారు. ఆడోళ్ళు చెప్తాండారు, ఎవురూ ఇనరు" అంది. ఇదిగో, ఇప్పుడు కూడా అందరికన్నా దూరంగా, చేతులకు గుడ్డ చుట్టుకుని, రాయి మీద కూర్చుని ఉంది. పనికి పోలేదు. నా కోసమే వచ్చింది.

చెప్పరు, పోతారు. మా నాన్న అంతే. మొదటిసారి మా పుట్టింటి ఊళ్ళో లాకుల దగ్గర కాలువలో తేలితే ఎండకు కళ్ళు తిరిగి పడ్డాడన్నారు. నాన్న కూడా అవునన్నాడు. ఇంటికి తీసుకొచ్చి మజ్జిగ ఇచ్చారు. నేను అప్పటికి ఓణీలు వేసుకుంటున్నాను, పక్కనే కూర్చుని విసురుతూ, కళ్ళు తిరగడానికి ఆయన ఎండలో ఎక్కడున్నాడు, చీకటితో గదా వెళ్ళాడు అనుకున్నాను, అడగలేదు. ఆ తరవాత కొన్నాళ్ళు చాలా బాగున్నాడు, అందరితో నవ్వుతూ మాట్లాడాడు. ఒకరోజు తన గొడుగు మంగలి హంపన్నకు ఇచ్చేశాడు. కొయ్యపిడి గొడుగు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, వానాకాలం మొదట్లో ఎవరైనా గొడుగు ఇస్తారా? హంపన్న మురిసిపోయాడు. మర్నాడు నాన్న లేడు. ఊరంతా వచ్చారు, పెద్దమనిషి అన్నారు, మాట పడని మనిషి అన్నారు, మగాడు గనక అనుకున్నది చేశాడు అన్నారు. ఆ మాట నేను చెవులారా విన్నాను. అనుకున్నది చేశాడట! అదేదో ఇల్లు కట్టినట్టు, పంట తీసినట్టు! చెప్పుకోడానికి మనిషి దొరకక పోయాడురా నాయనల్లారా అని అరవాలనిపించింది. మా అమ్మ సంగతో? ఆవిడ అంతకు ముందే, నా తమ్ముడు పోయిన ఏడు, ఒకసారి కాదు రెండుసార్లు ప్రాణం తీసుకోబోయింది. రెండుసార్లూ బతికింది. ఊరికి అదో వేళాకోళమైపోయింది, 'చావు చేతకాదు, బతుకు చేతకాదు' అని నీళ్ళరేవులో పిల్లలు కూడా అనేవాళ్ళు. ఊరి బావి చప్టాకు నుదురు ఆనించింది మా అమ్మ, నేను చూశాను, బొట్టు చెరిగి సున్నం అంటుకుంది. అదే అమ్మ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది, ఏటా ఆవకాయ కలిపి జాడీ పంపుతుంది. మొన్న సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చి, నన్ను తిట్టలేదు, ఏడవలేదు, పక్కన పడుకుని, "ఆనాడు పోయుంటే నీ పెళ్ళి చూసేదాన్నా, ఈ మామిడిముక్క కొరికేదాన్నా, పిచ్చిమొద్దూ" అంది. చావు చేతకాలేదట మా అమ్మకు. చేతకాకపోవడం కన్నా మంచి పని ఆవిడ జన్మలో చెయ్యలేదు.

ఆయన ఇటు చూస్తున్నారా? లేదు, నేల చూస్తున్నారు. ఏమైంది ఈయనకు? పొలం తెల్లబడింది, మాట తగ్గింది, రెండూ ఒకేసారి మొదలయ్యాయి. ఈ నల్లరేగడికి నీళ్ళు పెడితే బంగారమన్నారు, నలుగురు అన్నదమ్ముల్ని వెంటేసుకుని అందరికన్నా ముందు బండి తోలుకొచ్చింది ఈయనే. మొదటి మూడు పంటలు అలాగే పండాయి. తరవాత పల్లంలో నీళ్ళు నిలిచి చౌడు పుట్టింది, మడి మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా, నాటిన నారు నాటినట్టే మాడిపోయింది. 'నువ్వేగా తీసుకొచ్చావు' అని ఒకరన్నారు. 'ఆడదానిలా దిగాలు పడతావేంరా, మగాడివేనా' అని చిన్నమామయ్య అన్నారు. ఆ మాట అనకపోతే ఏం పోయేది. ఏడిస్తే ఆడదంటారు, చెబితే ఆడదంటారు, ఇక మిగిలింది ఏమిటి మగవాడు చెయ్యడానికి? ఆయన మొదట్లో రాత్రిపూట ఏదో చెప్పబోయేవారు, 'నాంచారీ' అని పిలిచి ఆగిపోయేవారు. ఇప్పుడు పిలవడం కూడా లేదు. ఈ నాలుగు రోజులుగా కాస్త తేలిగ్గా ఉన్నారు, నిన్న రెండుసార్లు అన్నం వడ్డించుకున్నారు, హమ్మయ్య అనుకున్నాను.

అదిగో బస్సు. దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది, చిన్నమామయ్య తెల్లపంచె ఎత్తి పట్టుకుని దిగారు, సంచిలో కొబ్బరికాయలు. అందరూ లేచారు. "ఆలస్యమైపోయింది, ఆ డ్రైవరు దారిపొడుగునా ఆపుతూనే ఉన్నాడు" అంటూ మణికట్టు ఎత్తి టైము చూసుకున్నారు. తళుక్కుమంది. ఎండకు మెరిసింది. నల్లతోలు పట్టీ, దాని అంచున నేను సూదితో కుట్టిన తెల్లదారం. ఆ దారం నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. గూట్లో ఉండాల్సిన గడియారం ఆ చేతికెందుకుంది? నాన్న గొడుగు. హంపన్న మురిసిపోవడం. రెండుసార్లు అన్నం. ఓరి దేవుడా, తేలిగ్గా ఉన్నారని సంతోషించానే, నా తెలివి తగలెయ్య, ఆ తేలికేమిటో చిన్నప్పుడే చూసినదాన్ని గదా నేను.

"ఊఁ, కానివ్వమ్మా నాంచారమ్మా" అంటున్నారు చిన్నమామయ్య. కొబ్బరికాయ భళ్ళుమంది. లేచాను. చేంతాడు గిలక మీద వేసి చేద దింపాను, నీళ్ళు తగిలిన చప్పుడు వినపడింది, చేద్దాం తల్లీ, ఇవాళే తేల్చేద్దాం, లాగాను, బయట పారబోశాను. అత్తయ్య వెనకనుంచి "అను" అంటోంది. అన్నాను. "గంగమ్మ తల్లీ, దూకాను. బతికాను. నన్ను తిరిగి పంపినందుకు దణ్ణం." "తప్పయిందనవే!" అంది అత్తయ్య. "నేనొక్కదాన్నే అంటే బావి శుద్ధి కాదత్తయ్యా. ఇందులో దూకింది ఇద్దరం. ఏమండీ, ఇలా రండి, రెండో చేద మీరు తోడాలి."

నా గొంతేనా అది? అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన కదల్లేదు. చిన్నమామయ్య మొహం ఎర్రబడింది. "వాడు కాలుజారి పడ్డాడు. అదీ ఇదీ ఒకటేనా?" అన్నారు. "చెప్పులు విప్పి పెట్టి జారారా మామయ్యా? కండువా మడతపెట్టి జారారా? దాని మీద, ఇప్పుడు మీ చేతికున్న ఆ గడియారం పెట్టి జారారా?" ఆయన ఠక్కున మణికట్టు వంక చూసుకున్నారు, తేలు పాకినట్టు. "ఇది... వాడే ఇచ్చాడు. నిన్న పొద్దున" అన్నారు. "ఎందుకిస్తున్నావురా అని అడిగారా? మా నాన్న గొడుగు ఇచ్చినప్పుడు కూడా ఎవరూ అడగలేదు. మర్నాడు ఆయన్ను కట్టె మీద పెట్టాం." చిన్నమామయ్య గొంతు తగ్గించేశారు. "నోరు ముయ్యవే తల్లీ, పోలీసుల చెవిన పడితే కేసవుతుంది." "అవనివ్వండి. ఇద్దరి మీదా పెట్టమనండి, ఒకే బండిలో పోతాం." దూరంగా రాయి మీంచి హులిగెమ్మ గొంతు, "రా పున్నయ్యప్పా, రా. ఆయమ్మ ఒక్కతే యాడికని లాగుతాది!"

ఎంతసేపు నిలబడ్డారో ఆయన. నాకైతే ఈ చప్టా మీద ముసలిదాన్నయిపోయాననిపించింది. రాకపోతే నేనే పోయి చెయ్యి పట్టి లాక్కొస్తాను, అందరూ చూస్తుండగానే, మొగుడి చెయ్యి పట్టుకోవడానికి నాకేం సిగ్గు. అడుగు పడింది. ఇంకొకటి. మగవాళ్ళు దారి వదిలారు. వచ్చి, గోడకు అటుపక్క నిలబడ్డారు, కొత్త ఇటుక మీద చెయ్యి వేసి. నావంక కాదు, బాబాయి వంక చూశారు.

"నేను జారలేదు బాబాయ్" అన్నారు.

బీడీ ఎవరిదో చేతిలోనే కాలుతోంది. "నాంచారికి మతి పోలేదమ్మా, పోయిందని నేనే అన్నాను" అన్నారు ఈసారి వాళ్ళమ్మతో. అత్తయ్య ఉన్నచోటే కూలబడింది, "నాకు చెప్పకపోయావేంరా, కన్నదాన్ని గదరా" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. "చెబితే మగాడివేనా అంటారని." అంతే అన్నారు. చిన్నమామయ్య గడియారం పట్టీ విప్పబోతున్నారు, కొక్కెం ఊడిరావడం లేదు. విప్పనీ, ముందు అది విప్పనీ. ఈ మనిషి ఇవాళ్టికి ఇక్కడ ఉన్నారు. రేపూ ఉండాలి. ఆ మంచం కిర్రుమన్నప్పుడల్లా నేనొక్కదాన్నే ఎందుకు లేవాలి, అత్తయ్యా లేస్తుంది, ఈ బాబాయీ లేస్తాడు, అందరూ వినాలి, అన్నీ చెప్పుకోవాలి, పొలం తెల్లబడితే తెల్లబడిందని ఏడవాలి, చౌడు నేలకు మందుంటే వెతుకుదాం, లేకపోతే వదిలేసి పోదాం, నేల పోతే పోనీ. చేద మళ్ళీ బావిలోకి దింపాను. మునిగింది. తాడు కొస ఆయన చేతికిచ్చాను, నా చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఇంత ఎండలో. లాగబోయి ఆగారు, ఏడాది తరవాత నా కళ్ళలోకి చూసి పిలిచారు.

"నాంచారీ, బరువుగా ఉంది."

"ఉంటుందండీ. నేనూ పట్టుకున్నాగా, లాగండి."